పద్నాలుగో నంబరు పడవ

నా చొక్కా జేబు మీద పద్నాలుగు అని అంటించారు. గుండ్రటి పసుపు కాగితం, వెనక జిగురు. అంటించిన అమ్మాయి ముప్ఫైరెండు పళ్ళూ కనబడేలా నవ్వింది. పైవరసలో ముందు ఆరూ పింగాణీ తొడుగులని రెండడుగుల దూరం నుంచే తెలిసిపోయింది నాకు, అదీ నాసిరకం పని, చిగురు దగ్గర సన్నటి నల్లగీత, ఎవడో చేతకానివాడు కొలత తీసుకోవడం రాక ఆ పిల్లకి జన్మంతా ఆ గీత అంటగట్టాడు. నలభై ఒక్క ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేసేవాడికి మొహాలు కనబడవు, నోళ్ళు కనబడతాయి. ఈ హాల్లో ఇప్పుడు నాలుగొందల నోళ్ళున్నాయి, అన్నీ తెరుచుకునే ఉన్నాయి. ఆటలూ పాటలూ జరిగే హాలట ఇది, ఎర్ర మఖమలు కుర్చీలు, వేదిక మీద పురుగన్నది లేకపోయినా వెలుగుతున్న దీపాలు, పొద్దున్న తొమ్మిదింటికే మమ్మల్నందర్నీ ఇందులోకి తోలి నంబర్లు అంటించారు. దీవి దగ్గర నీళ్ళకి లోతు లేదు కాబట్టి ఇంత పెద్ద ఓడ ఒడ్డుకి పోదట, మైలు దూరంలో లంగరు వేసుకుని నిలబడుతుందట, చిన్న పడవల్లో మమ్మల్ని విడతలు విడతలుగా దించుతారట, పడవ పడవకీ ఒక నంబరు. ఆరో నంబరు వెళ్ళింది. ఏడు పిలవాలి. సాయంత్రం నాలుగింటికి ఓడ మళ్ళీ కదిలిపోతుంది.

పిలవకముందే ఏడో నంబరు వాళ్ళు తలుపు దగ్గర తోసుకుంటున్నారు. పదకొండు రోజుల నుంచి చూస్తున్నాను ఈ మందని. పొద్దున్న లేస్తే తిండి, తిన్నాక కుర్చీ కోసం పరుగు, కుర్చీ దొరికాక దాని మీద తువ్వాలు పరిచి మళ్ళీ తిండికి పరుగు. ఒకాయన ఉన్నాడు, ఆమ్లెట్టూ కేకూ చేప ముక్కా పుచ్చకాయా ఒకే పళ్ళెంలో గోపురంలా పేర్చుకుంటాడు, నమలడానికి కింది దవడలో ఎడమవైపు పళ్ళే లేవు పెద్దమనిషికి, అంతా కుడివైపుతోనే లాగిస్తున్నాడు, ఇంకో రెండేళ్ళలో ఆ కుడివైపూ పోతుంది. దీవులు చూడ్డానికి వచ్చామంటారు. తీరా దీవి వచ్చేసరికి దానికి వీపు తిప్పి, ఫోను పైకెత్తి, తమ మొహం తాము చూసుకుంటారు. మొదటి దీవిలో ఇసక తెల్లగా ఉంది. రెండోదాంట్లోనూ తెల్లగా ఉంది. మూడోదాంట్లో కాస్త పసుపు కలిసింది, దాని మీద భోజనాల బల్ల దగ్గర రెండు గంటల చర్చ. ఆ చర్చకి అధ్యక్షత వహించినవాడు మా తోడల్లుడు, నా భార్య అక్క మొగుడు, జీవిత బీమా ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు జనాన్ని చావు పేరు చెప్పి బెదిరించి రిటైరైనవాడు. ఈ ప్రయాణం ఆయన బుర్రలోంచి పుట్టిందే. అప్పుడే నా ముందుకొచ్చి ఫోను పట్టుకుని నిలబడ్డాడు. "తమ్ముడూ, ఇటు చూడు, చెయ్యి ఊపు. ఏంటి ఆ మొహం, ఎవరో పోయినట్టు!" అని పళ్ళికిలించాడు. ఆ ఇకిలింపులో ముందు నాలుగూ నేను చేసి పెట్టినవే, పైసా తీసుకోకుండా. అవి పీకేస్తే ఈయన గొప్పల్లో సగం గాలికి పోతాయి. చెయ్యి ఊపాను.

ఇసక కోసమా నేను వచ్చింది? ఓడ ఆగే చోట్ల జాబితా తోడల్లుడు తెచ్చి చదువుతుంటే, ఏడో పేరు దగ్గర నా భార్య చేతిలో గ్లాసు పట్టుకునే ఆగిపోయింది. "అది చిన్నోడు ఉండే దీవి కదండీ" అంది. చిన్నోడంటే నా తమ్ముడు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా మా ఇంట్లో వాడి పేరు అదే. పంతొమ్మిదేళ్ళయింది వాణ్ణి చూసి. ఆ రోజు నేను సరేనన్నాను, అంత తొందరగా సరేనన్నందుకు నా భార్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి కూడా చూసింది, జ్వరమేమోనని. ఆవిడకి తెలియనిది ఒకటుంది. వాడికి నేను ఒక మాట చెప్పాలి. ఫోన్లో చెప్పే మాట కాదు, ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట, పట్టుమని పది ముక్కలు కూడా ఉండవు. ఆ పది ముక్కలూ పంతొమ్మిదేళ్ళుగా నా నోట్లో ఉన్నాయి. పదకొండు రోజులుగా ఓడలో పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకుంటూ వాటిని అటూ ఇటూ పేర్చి చూసుకుంటున్నాను, ముందు ఏది పెట్టాలి, వెనక ఏది పెట్టాలి, ఎంత నెమ్మదిగా అంటే వాడికి దెబ్బ తక్కువ తగులుతుంది అని. వాడికి తగిలే దెబ్బ గురించి ఆలోచిస్తున్నట్టు నటన. నాకు తగిలేది ఎలా తగ్గించుకోవాలన్నదే అసలు లెక్క.

ఏడో నంబరు పిలిచారు. తలుపు దగ్గర తోపులాట, ఎవరిదో టోపీ కింద పడితే ఎవరూ తియ్యరు, తొక్కుకుంటూ పోతారు. మా ల్యాబులో ఇలాంటి ఒక్క నిమిషం నేను సహించేవాణ్ణి కాదు. రెండు గదులు, ముందు గదిలో బల్ల, వెనక గదిలో నీళ్ళ తొట్టీ, పాలిష్ మిషనూ, గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టర్ నోళ్ళు. ఊళ్ళో పెద్దమనుషుల నోళ్ళన్నీ ఆ అరల్లో ఉండేవి, జడ్జీగారి బోసి దవడ పక్కనే వాళ్ళింటి వాచ్‌మన్ దవడ, వెనక పెన్సిలుతో నంబరు తప్ప తేడా ఏమీ లేదు. నేను మా గురువు దగ్గర నేర్చుకున్నాను, తమ్ముడు నా దగ్గర నేర్చుకున్నాడు, పదహారో ఏట నుంచి. ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు. ఒకటే సూత్రం, రోజుకి పదిసార్లు వాడి చెవిలో పోసేవాణ్ణి: గులాబీ ముద్ద ఎవరి కోసం ఎదురు చూడదురా. డాక్టర్లు నోట్లో పెట్టి తీస్తారే, ఆ ముద్ద, మెత్తగా, తడిగా, నోటి అచ్చు పట్టుకుని వస్తుంది. తడిగుడ్డ కప్పి ఉంచాలి. పావుగంటలో అందులో ప్లాస్టర్ పోసెయ్యాలి. ఆలస్యం చేస్తే ముద్ద ఆరుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, కంటికి తెలిసేంత కూడా ముడుచుకోదు, కానీ దాని మీద కట్టిన పళ్ళు ఏ నోటికీ పట్టవు. వాడు ఒకసారి ఇరవై నిమిషాలు ఆలస్యం చేశాడని ఆ ముద్ద తీసి వాడి ముందే చెత్తడబ్బాలో పడేసి, డాక్టరు దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొలత తీయించుకు రమ్మని ఎండలో పంపాను. వెళ్ళాడు. మారు మాట్లాడకుండా వెళ్ళేవాడు, అదొకటి వాడిలో నాకు చిరాకు.

కానీ పళ్ళు పేర్చడంలో వాడు నన్ను మించిపోయాడు. ఈ మాట ఎవరి దగ్గరా అన్లేదు ఇంతవరకు. మైనం మీద ఒక్కో పన్నూ నిలబెడుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి, చూడనట్టు. నేను పేరిస్తే వరస వరసలా ఉండేది, గీసినట్టు. వాడు ఎక్కడో ఒక పన్ను వెంట్రుకవాసి తిప్పేవాడు, ఒకటి రవ్వంత కిందికి దించేవాడు, అంతే, ఆ నోరు దేవుడిచ్చిన నోరులా ఉండేది. మనుషులు వచ్చి అడిగేవారు, చిన్నబ్బాయి చేత చేయించండి అని. నవ్వుతూ అలాగేనండీ అనేవాణ్ణి. ఆ నవ్వుకి ఎంత బిగువు పట్టాల్సొచ్చేదో నా దవడకే తెలుసు.

"ఇదిగో ఫొటో పంపాడు" అని నా భార్య ఫోను నా ముక్కు కింద పెట్టింది. ఏడింటి నుంచి జెట్టీ మీదే ఉన్నారట ముగ్గురూ. తమ్ముడు, వాడి భార్య, పదకొండేళ్ళ పాప. పాప అట్టముక్క మీద పెదనాన్న అని పెద్ద పెద్ద అక్షరాలు రాసి గుండెల మీద పట్టుకుంది. వెనక ఆకుపచ్చ నీళ్ళు, వాడి పడవ. అడుగున అద్దం ఉన్న పడవ అది, జనాన్ని ఎక్కించుకుని చేపలు చూపిస్తాడు. ఇన్నాళ్ళూ ఆ మాట తల్చుకుంటే నాకు ఒళ్ళు మండేది. దవడలు చూసి మనిషి వయసు చెప్పగలిగేవాడు చేపలు చూపిస్తున్నాడు! నలుగురిలో ఎవరైనా మీ తమ్ముడేం చేస్తాడంటే, ఏదో బోటు వ్యాపారం అని చప్పరించి మాట మార్చేవాణ్ణి. వాడి మీద నా దగ్గర ఒక చిట్టా ఉంది, ఓపిక లేనివాడు, మాట పడలేనివాడు, ఒక్క దెబ్బకి పలుగూ పారా వదిలేసి పారిపోయినవాడు. ఈ చిట్టా నా భార్యకి వంటింట్లో, తోడల్లుడికి ఫంక్షన్లలో, నా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చే కుర్రాళ్ళకి నీతిపాఠంగా చదివి వినిపించాను. ఫొటో పెద్దది చేశాను, అలవాటు కొద్దీ నోటి దగ్గర. జుట్టు నెరిసింది, ఎండకి మొహం కమిలింది, నవ్వుతున్నాడు, పైవరసలో కుడివైపు కోరపన్ను లేదు. పోయి చాలా రోజులే అయినట్టుంది, పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది. సిగ్గుండాలి. పళ్ళపని తెలిసినవాడు నోట్లో అంత ఖాళీ పెట్టుకుని ఎలా తిరుగుతున్నాడో! కూర్చుంటే ఒక పూట పని వాడికి. కూర్చోడు. మైనం ముట్టుకోను అన్నాడు, పంతొమ్మిదేళ్ళుగా ముట్టుకోలేదు, తన నోటి కోసం కూడా. ఫోను వెనక్కి ఇచ్చేశాను. "ఎంత బావున్నాడో కదండీ" అంది నా భార్య. ఈవిడకి అందరూ బావుంటారు, ఓడలో అంట్లు తీసేవాళ్ళ దగ్గర్నుంచి కెప్టెన్ దాకా, అందరి పిల్లల వయసులూ ఈవిడకి కంఠతా వచ్చు.

ఎనిమిది, తొమ్మిది ఒకేసారి పిలిచారు. తోడల్లుడు వ్యాఖ్యానం మొదలెట్టాడు ఫోనులోకి, ఇప్పుడు మనం ఒక అద్భుతమైన దీవిలో అడుగు పెట్టబోతున్నాం అని, ఆయన అడుగు ఎర్ర మఖమలు మీదే ఉంది. గుండ్రటి కిటికీలో నీళ్ళు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి, ఇందాకటి కంటే ఎక్కువ లేస్తున్నాయి. పంతొమ్మిదేళ్ళ కిందట అమ్మ పళ్ళకి కొలత తీసిన రోజు ఆదివారం. పైవీ కిందివీ అన్నీ పోయాయి, మెత్తటి అన్నమే తింటోంది, కొడుకులిద్దరూ ఊరందరికీ పళ్ళు కడుతూ తల్లిని బోసినోటితో తిప్పుతున్నారని చుట్టాలు ఎకసెక్కాలాడుతున్నారు. ల్యాబులోనే కుర్చీలో కూర్చోబెట్టి కొలత నేనే తీశాను. గులాబీ ముద్ద నోట్లో పెడితే అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అయినా కదల్లేదు, నా చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. తీసిన అచ్చు అద్భుతంగా వచ్చింది, చిగురు మీద ప్రతి మడతా పడింది. అమ్మని రిక్షా ఎక్కించి పంపి, తమ్ముణ్ణి ప్లాస్టర్ బస్తా తెమ్మని బజారుకి పంపాను. ఫోను మోగింది. పెద్ద డాక్టరు, ఊళ్ళోకెల్లా పెద్ద డాక్టరు, ఎప్పుడూ కాంపౌండరు చేత కబురు పెట్టించేవాడు స్వయంగా ఫోను చేశాడు, నేను పంపిన కట్టుడు పళ్ళ బ్రిడ్జి చూసి ముగ్ధుణ్ణైపోయానయ్యా అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఇంకేం వినబడుతుంది? ఆయన ఒక మాటంటే నేను నాలుగన్నాను, ఎలా చేశానో, ఎందుకలా చేశానో, మా గురువు ఏమనేవాడో, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని, పైన ఫ్యాను తిరుగుతోంది, గంటన్నర. గుడ్డ కప్పలేదు. ఫోను పెట్టేసి తిరిగితే ముద్ద అంచులు తెల్లబడి ఉన్నాయి, వేలితో నొక్కితే రబ్బరులా గట్టిగా తగిలింది.

చెత్తడబ్బా అక్కడే ఉంది, కాలి దగ్గరే. వాడి ముద్ద పడేసిన డబ్బాయే. నాది పడెయ్యలేదు. అమ్మని మళ్ళీ రమ్మనాలి, మళ్ళీ ఆ కన్నీళ్ళు, అదొక సాకు. తమ్ముడు వచ్చి ఏమైందన్నయ్యా అని అడుగుతాడు, ఆరిపోయిందిరా అని వాడికి చెప్పాలి, నేను, వాడికి. వాడు ఏమీ అనడు, ఒక్క చూపు చూస్తాడు, లేదా ఆ చూపు కూడా చూడడు. అంతకంటే కడుపు మంట ఇంకేముంది? వాడు బస్తా తెచ్చేసరికి ప్లాస్టర్ డబ్బా అడుగున మిగిలినది కలిపి పోసేశాను. వాడు చెయ్యి కడుక్కుని, అమ్మది నేను పేరుస్తానన్నయ్యా అన్నాడు. నాలుగు రోజులు కూర్చున్నాడు. ఏ బయటివాడి నోటికైనా మైనం మీదుండగానే ఒకసారి నోట్లో పెట్టి చూసేవాళ్ళం, ఖాయం చేసేముందు. ఇంట్లో మనిషే కదా అని అమ్మకి అది మానేశాం. మానేద్దాంలే అన్నది కూడా నేనే, ఎందుకన్నానో నాకు తెలుసు.

ఆ పళ్ళు ఎంత బావున్నాయో! అమ్మ నలభయ్యో ఏట నవ్విన నవ్వు అది, వాడు గుర్తు పెట్టుకుని పేర్చాడు, పై ముందు పళ్ళ మధ్య ఆ సన్నటి సందుతో సహా. నోట్లో పెట్టగానే ఎగిరి కింద పడ్డాయి. మళ్ళీ పెట్టాడు. నమిలితే ఊగుతున్నాయి, చిగుళ్ళు ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. వాడు ఆకురాయి పట్టుకుని రుద్దాడు, ఇక్కడ, అక్కడ, పది రోజులు రుద్దాడు, ఎంత రుద్దినా లోపం ఎక్కడుందో దొరకదు, ఎలా దొరుకుతుంది, లోపం వాడి పళ్ళలో లేదుగా. నేను పక్కనే కూర్చుని ఇంకొకరి దవడ చేసుకుంటున్నాను. అమ్మ బాధ పట్టలేక అనేసింది, "చిన్నోడి చేతికి అందం తెలుసుగానీ పని తెలీదురా, పెద్దోడే చెయ్యాల్సింది." వచ్చేపోయే వాళ్ళందరికీ అదే చెప్పింది. వాడు ఒక పొద్దున్న ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, "అమ్మ నోరే పాడుచేశాను, ఇంకొకళ్ళ నోరు ముట్టుకోనన్నయ్యా" అన్నాడు. అప్పుడు చెప్పచ్చు. నోరు తెరిచాను కూడా. "ఓపిక లేకపోతే ఏ పనీ రాదు" అన్నాను. ఏదో ఓడలో పనికి కుదిరి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా అమ్మకి నేను కొత్త కొలత తీసి, తడిగుడ్డ కప్పి, పావుగంటలో ప్లాస్టర్ పోసి ఇంకో సెట్టు చేశాను. అతికినట్టు సరిపోయింది. పెద్దోడి చెయ్యి పెద్దోడిదే అని అమ్మ బతికినన్నాళ్ళూ చెప్పుకుంది. నాలుగేళ్ళ కిందట పోయింది. వాడికి ఓడలు కుదరక సమయానికి రాలేకపోయాడు, అది కూడా నా చిట్టాలో రాసుకున్నాను.

అమ్మ ఉండగానే ఒకసారి ఫోన్లో అడిగాడు వాడు. పెళ్ళి చేసుకుని, పాప పుట్టిన కొత్తలో. అవీ ఇవీ మాట్లాడి, ఆగి, "అన్నయ్యా, అమ్మ పళ్ళలో నేనెక్కడ తప్పు చేశానంటావు? ఎంత ఆలోచించినా తెలీడం లేదు" అన్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత. ఎనిమిదేళ్ళు దాన్ని తలలో తిప్పుకుంటూ కూర్చున్నాడన్నమాట ఆ నీళ్ళ మధ్య. నేనేమన్నాను? గొంతు మెత్తగా చేసుకుని, తప్పు మన్నించేసిన పెద్దన్నయ్యలాగా, "వదిలెయ్ రా, అయిందేదో అయింది, ఇంకా దాన్ని పట్టుకుని వేళ్ళాడకు" అన్నాను. ఆ గొంతు తల్చుకుంటే నా నోట్లో నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది. ఆ పుచ్చకాయ పెద్దమనిషి, ఈ తోడల్లుడు, టోపీ తొక్కుతున్న ఆ మంద, వీళ్ళలో ఒక్కడు కూడా ఆ గొంతు చెయ్యలేడు, వీళ్ళు ఒట్టి తిండిపోతులు.

పది పిలిచారు. పదకొండుకి ఆగారు. నిజానికి మాకు నాలుగో నంబరు రావాల్సింది. నా భార్య ఆరింటికే తయారైపోయింది, పాపకి అల్లిన స్వెటరు, ఎండ మండిపోయే దీవిలో స్వెటరు, సంచిలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. నేను రెండుసార్లు బాత్రూంకి వెళ్ళాను. చొక్కా మార్చాను. బూటు తాడు విప్పి మళ్ళీ కట్టాను. కళ్ళజోడు కనబడ్డం లేదని మంచం కింద కూడా వెతికాను, కళ్ళజోడు జేబులో ఉంది. మేం హాల్లోకి వచ్చేసరికి పద్నాలుగు అంటిస్తున్నారు. "మీకు అసలు వెళ్ళాలని ఉందా?" అని అడిగింది నా భార్య, పదకొండు రోజుల్లో ఆవిడ ఎవరినైనా గట్టిగా అడిగిన మాట అదొక్కటే. ఉండకేం అన్నాను.

అప్పుడు పైన మైకు గరగరలాడింది. కెప్టెన్ గొంతు, తేనె పూసిన గొంతు. గాలి పెరిగింది, అలలు లేస్తున్నాయి, పడవల్లోకి మనుషుల్ని దించడం క్షేమం కాదు, ఇవాళ్టి దీవి రద్దు చేస్తున్నాం, వెళ్ళినవాళ్ళని జాగ్రత్తగా వెనక్కి తెచ్చి గంటలో బయల్దేరతాం, చింతిస్తున్నాం. హాలంతా ఒక్కసారి ఆఁ అంది. ఆ వెంటనే, నష్టానికి బదులుగా తొమ్మిదో అంతస్తులో ఐస్‌క్రీములు ఎన్ని తింటే అన్ని అన్నాడు. చప్పట్లు! నిజంగా చప్పట్లు కొట్టారు, దీవి పోయినందుకు ఏడవబోయిన నోళ్ళే. ఈ జాతి మీద నాకున్న అసహ్యమంతా గొంతు దాకా వచ్చింది, కానీ ఉమ్మడానికి నోరు తెరవకముందే నా లోపల ఇంకో చప్పుడు విన్నాను, చాలా చిన్నది. హమ్మయ్య అన్నాను. నేనే. వాళ్ళు ఐస్‌క్రీముకి చప్పట్లు కొడుతున్నారు, నేను అలలకి కొడుతున్నాను. ఇంకేం, ఓడ కదిలిపోతుంది, వాణ్ణి మళ్ళీ ఎప్పుడు చూస్తానో, చూడనో, చెప్పాలనే అనుకున్నాను కానీ సముద్రం ఒప్పుకోలేదు అని జన్మంతా చెప్పుకోవచ్చు, ఎంత ఘనమైన సాకు, ఇంత పెద్ద సాకు ఏ వెధవకి దొరుకుతుంది!

నా భార్య ఏడుస్తోంది, సంచి ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా. ఏడుస్తూనే ఫోను చేసింది. దీవి టవరు దగ్గరే కాబట్టి వెంటనే కలిసింది. "బాబూ, ఆపేశారయ్యా... అవును... ఇక్కడి దాకా వచ్చి..." అని ఫోను నా చేతిలో పెట్టింది. తీసుకుని గోడ వైపు తిరిగాను. గాలి హోరు, ఆ హోరులోంచి వాడి గొంతు, మారలేదు, అదే. "అన్నయ్యా, ఏం బాధపడకు. సముద్రం అంతే. పొద్దున్న గాలి చూసినప్పుడే అనుకున్నాను, వదినకి చెప్పలేదు. నీళ్ళ సంగతి నాకు బాగా తెలుసులే" అన్నాడు. అని నవ్వాడు. "పళ్ళ పనే చేతకాలేదు గానీ."

ఎంత మామూలుగా అన్నాడు! ఎవరో ఎప్పుడో చెప్పిన సంగతి, తను ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతి, అందరి ముందూ వందసార్లు నవ్వేసిన సంగతి. వాడి భార్యకీ, పాపకీ, పడవ ఎక్కే ముక్కూమొహం తెలీని వాళ్ళకీ. పదకొండు రోజులు పేర్చుకున్న ముక్కలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"అమ్మ అచ్చు ఆరిపోయిందిరా" అన్నాను గోడతో చెప్పినట్టు.

"ఏంటి?"

"నువ్వు బజారుకెళ్ళినప్పుడు. ఫోన్లో మాట్లాడుతూ వదిలేశాను. ఆరిపోయిన దాంట్లోనే ప్లాస్టర్ పోశాను. తెలిసే పోశాను."

గాలి. ఎక్కడో పాప ఏదో అరుస్తోంది. ఫోను తెగిపోయిందేమోనని చూశాను, తెగలేదు. తిడతాడనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను, ఆ తిట్లు పడితే సగం బరువు దిగిపోతుందనే లెక్క కూడా అప్పుడే వేసేసుకుంది నా బుద్ధి. వాడు తిట్టలేదు.

"ఎంతసేపు?" అన్నాడు.

"గంటన్నర."

"ఫ్యాను కిందా?"

"ఆఁ."

"గుడ్డ కప్పలేదా?"

"లేదు."

లోపల లెక్క కట్టుకుంటున్నాడని తెలుస్తోంది నాకు, ఎన్నిసార్లు చూశాను వాణ్ణి అలా, చేతిలో పన్ను పట్టుకుని, కళ్ళు సగం మూసి. తర్వాత వాడి గొంతు ఫోను నుంచి పక్కకి జరిగింది. ఇలా రా, ఒకసారి ఇలా రా, అని ఎవరినో పిలుస్తున్నాడు. మళ్ళీ దగ్గరికొచ్చి, "అన్నయ్యా, స్పీకర్లో పెడుతున్నాను. అదే మాట మళ్ళీ చెప్పు. మా ఆవిడ వినాలి" అన్నాడు.

నా భార్య కన్నీళ్ళు తుడుచుకోవడం ఆపి నన్నే చూస్తోంది. చెప్పాను, ఈసారి కొంచెం పైకి. అమ్మ పళ్ళు సరిపోకపోవడానికి చిన్నోడి తప్పేం లేదు అని. తోడల్లుడు ఫోను దించి ఇటు తిరిగాడు. అటు నుంచి ఆడగొంతు, ఎప్పుడూ నాతో నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడని గొంతు, "బావగారూ, గాలికి ఒక్క ముక్క కూడా వినబడ్డం లేదు. కాస్త గట్టిగా చెప్పండి" అంది.

లేచి నిలబడ్డాను. ఐస్‌క్రీముకి పోతున్నవాళ్ళు నడవలో ఆగారు, ఆ పుచ్చకాయ పెద్దమనిషి కూడా ఆగాడు. నలభై ఒక్క ఏళ్ళలో నలుగురి ముందు ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు నేను, మెల్లగా మాట్లాడే పెద్దమనిషినని పేరు నాకు.

"మీ ఆయన చేసిన పళ్ళలో తప్పు లేదమ్మా" అని అరిచాను. "నేను పాడుచేశాను. తప్పు వాడి మీదకి తోసేసి ఊరుకున్నాను. విన్నారా?"

ఆ అమ్మాయి ఏమందో తెలీలేదు. తమ్ముడి గొంతే వచ్చింది, నవ్వో ఏడుపో గాలిలో తేలడం లేదు.

"పెట్టెయ్యకన్నయ్యా, ఉండు. పాపని కూడా పిలుస్తాను."